అమలాపురము వైద్యకళాశాల: పూచీ యెవరిది?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము పది క్రొత్త వైద్యకళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యమున నెలకొల్ప నిశ్చయించినది. ఆ పదింటిలో మా అమలాపుర మొకటి. వసిష్ఠకు ఆవలి యొడ్డుననున్న పాలకొల్లు మఱియొకటి. అది మొదలు ఒక పక్షమువారు ప్రజల యాస్తిని అమ్మివేయుచున్నారనియు, వేఱొక పక్షమువారు ఇది అమ్మకము కాదు, భాగస్వామ్యమే యనియు వాదులాడిరి. సభలు జరిగినవి, సంతకములు సేకరింపబడినవి. ఈ కోలాహలములో అసలు ప్రశ్న నడుగువారు అరుదైరి. లాభము వచ్చినపుడు పంచుకొనువా రెవరో అందఱకును తెలియును. నష్టము వచ్చినపుడు భరించువా రెవరు?

ఈ ప్రశ్న ఆంధ్రదేశమునకు క్రొత్తది కాదు. కోనసీమ పచ్చదనమునకు మూలము 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట. సర్కారు సొమ్ముతో, సర్కారు ఇంజనీరగు కాటన్ దొరగారు దానిని కట్టించిరి. గన్నవరమువద్ద వైనతేయముపై 49 కమానుల అక్విడెక్టు నిర్మించి రాజోలు వైపునకు నీటిని దాటించినదియు సర్కారే. ఆ పరప్రభుత్వము తన ఖజానాకొఱకే ఈ పని చేసినదన్న మాట నిజమే. అయినను కాలువపై పెత్తనము ఏ కంపెనీ చేతికిని పోలేదు.

కొలది యేండ్లకే కర్నూలు కడప కాలువ విషయమున వేఱొక మార్గము త్రొక్కిరి. ఆ పనిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కప్పగించిరి. కాటన్ గారును ఆ యేర్పాటును సమర్థించినవారే. సీమలో వాటాలమ్మి ధనము కూర్చిన ఆ కంపెనీకి 10 లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డి ముట్టునని ప్రభుత్వము హామీ యిచ్చెను. కాలువ పాఱినను పాఱకున్నను, రైతు నీరు తీసికొన్నను మానినను, వాటాదారుని వడ్డి వానికి చేరుచునేయుండెను. ఇక పొదుపు చేయవలసిన యక్కఱ కంపెనీకి ఏల కలుగును? వ్యయము అంచనాలను మించెను, రాబడి చాలకపోయెను, తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. గోదావరిపై ఫలించిన విద్యయే తుంగభద్రపైనను ఉపయోగపడినది. చెడినది విద్య కాదు, ఒడంబడిక. ఆనాటి రైలుకంపెనీల కిచ్చిన యిట్టి హామీలనే రమేశచంద్ర దత్తుగారు తమ ఆర్థిక చరిత్రలో ఖండించిరి.

మేము ప్రైవేటు మూలధనమునకు శత్రువులము కాము. అమలాపురమునందే ప్రైవేటు వైద్యకళాశాల యొకటి యిదివరకే యున్నది. ఖజానాలో ధనము చాలదు, భాగస్వాములు వచ్చినచో పని త్వరగా ముగియునని ప్రభుత్వమువారు చెప్పు మాటను త్రోసివేయలేము. సగము కట్టిన గోడలు రోగికి మందు నీయవు. దోషమంతయు ఒక్క పక్షముపై మోపుటయు న్యాయము కాదు. 2023లో పూర్వ ప్రభుత్వము తాను తెఱచిన కళాశాలలలోనే నూటికి 35 సీట్లను ఏటికి 12 లక్షల రూపాయలకును, 15 సీట్లను 20 లక్షలకును కేటాయించుచు ఉత్తరువు లిచ్చెను. సీటునకు వెల కట్టుట నాడే మొదలైనది.

అయినను గడువును గుఱించి యోచింపవలయును. ఈ భాగస్వామ్యపు గడువు 33 సంవత్సరములు. పొడిగింప వీలును గలదు. ఇందులో ఆఱు ఎన్నికలు గడచిపోవును. నేడు సంతకము చేయు మంత్రి నాడు జవాబు చెప్ప నుండడు. నేడు బడిలో చేరిన బిడ్డ నడివయస్కుడై దాని ఫలమును అనుభవించును. ప్రభుత్వము చెల్లించవలసిన బాకీలు పేరుకొనినవని 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద చికిత్సలు నిలిపివేసిన సంగతి చదువరు లెఱుగుదురు. ఆ ఆసుపత్రులవారిని తప్పుపట్టుటకు దీనిని చెప్పుట లేదు. జీతములు, మందుల వెలలు వారికిని తప్పవు గదా! కాని ఇద్దఱు భాగస్వాముల నడుమ లెక్క తెగనపుడు గుమ్మమువద్ద నిలిచిపోవునది రోగియే. రాజోలు ప్రాంతమున కొబ్బరిచెట్టుపైనుండి పడి నడుము విఱిగిన దింపు కార్మికుడు ఆ లెక్క తేలువఱకు ఎక్కడ వేచియుండవలెను? గౌతమి దాటి కాకినాడకే పోవలెనన్నచో అమలాపురమున కళాశాల ఏల?

కావున మేము కోరునది స్వల్పము. ప్రభుత్వాసుపత్రిపై అధికార మెవరిది? ఉచితముగా చికిత్స చేయవలసిన పడక లెన్ని? వానిని లెక్కించువా రెవరు? ప్రభుత్వపు బాకీ నిలిచినను రోగిని చేర్చుకొనవలెనన్న నిబంధన గలదా? భాగస్వామి నడుమ విడిచిపోయినచో అప్పు లెవరి నెత్తిని పడును? ఈ ప్రశ్నలకు ఒడంబడికలోనే స్పష్టమైన సమాధానము లుండవలెను. ఆ ఒడంబడిక మొత్తమును తెనుగున ముద్రించి, అమలాపురము, రాజోలు, కొత్తపేట మొదలుగా ప్రతి గ్రంథాలయమునను సంతకములకు ముందే ఉంచవలెను. అది రహస్యముగా నుంచవలసిన వ్యాపారపత్రము కాదు. ప్రజల భూమిని, ప్రజల ఆరోగ్యమును గుఱించిన దస్తావేజు.

కర్నూలు కడప కాలువ ఒడంబడికను మన పెద్దలు చదివియుండలేదు. చదువ నడిగిన వారును లేరు. నాడు రాజ్యము పరులది. నేడు రాజ్యము మనది. ఇపుడును చదువక ఊరకుండినచో పరులను నిందించి ప్రయోజనము లేదు.