చూర్ణం సంచి విప్పిన తరువాత

నేటి నిబంధనలు చూర్ణానికి 2 సంవత్సరాల గడువును అనుమతిస్తున్నవి. శార్ఙ్గధర సంహిత మాత్రం 2 మాసాలు దాటిన చూర్ణం వీర్యహీనమగునని చెప్పుచున్నది. ఏది నమ్మవలెనను సందేహం చాలామందికి కలుగుతుంది. మొదటిది మూసిన సంచికి, రెండవది విప్పిన సంచికి వర్తించునని నా అభిప్రాయం.

మూలికను ఎంత మెత్తగా నూరితే దానికి అంత ఎక్కువగా గాలి తగులుతుంది. శొంఠి, పిప్పళ్ల సువాసన ఎగిరిపోతుంది. లవణభాస్కర చూర్ణం, అందులోని ఉప్పు కారణంగా, వానాకాలంలో చెమ్మను పీల్చి గడ్డకడుతుంది.

పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. ఆసవారిష్టాలు పోయబోయే మట్టికుండకు లోపల నెయ్యి పట్టించేవారు. మట్టిలోని సూక్ష్మరంధ్రాలు దానితో పూడుకొనేవి. ఆవకాయ జాడీలో ముక్కలపై నూనె తేలవలెనని మన పెద్దలు పట్టుబట్టడం కూడ గాలిని ఆపుటకే.

నేడు ప్లాస్టిక్ పొరపై శూన్యంలో అల్యూమినియమునో, సిలికాన్ ఆక్సైడునో పూస్తున్నారు. ఆ పూత మందం సాధారణంగా మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మించదు. అందులోను కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయి. జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ నగరంలో ఫ్రాన్‌హోఫర్ సంస్థవారు రూపొందించిన ఆర్మోసెర్ అను మిశ్రమ పదార్థంలో గాజు గుణము, ప్లాస్టిక్ గుణము రెండూ కలవు. దానిని పైపూతగా వేస్తే ఆ రంధ్రాలు పూడుకొని, తేమ, ప్రాణవాయువు చొరబడుట బాగా తగ్గుతుంది. నెయ్యి చేసిన పనే ఇది!

అయితే కత్తెర పడిన క్షణంతో ఆ రక్షణ ముగుస్తుంది. సరిగా ఆరని చూర్ణాన్ని అందులో మూస్తే లోపలి తేమయు బయటకు పోలేదు.

నా ఆక్షేపణ సంచుల పరిమాణంపైననే. రాత్రికి 5 గ్రాముల చొప్పున వాడితే 500 గ్రాముల త్రిఫలా చూర్ణం 100 రోజులు వస్తుంది. ధర కలిసివచ్చునని ఇల్లాలు పెద్ద సంచి కొంటుంది; చివరి నెలలో ఇంటివారు మింగేది చాలవరకు పొడి మాత్రమే. తయారీదారులు 100 గ్రాముల సంచులే అమ్మవలెను. విప్పిన తరువాత ఎన్ని రోజులలో వాడవలెనో గడువు తేదీ పక్కనే తెలుగులో ముద్రించవలెను.

చిన్న సంచులతో చెత్త పెరుగునను మాట న్యాయమైనదే. పలు పొరలు అతికిన సంచిని కరగించి మళ్లీ వాడుట కష్టం. కనుక వీలున్నవారు కరక్కాయ, తానికాయ, ఉసిరిక పెచ్చులను ఎండినవిగానే ఉంచుకొని, 15 రోజులకు సరిపడా మాత్రమే దంచి, బిగుతు మూత గల పొడి గాజుసీసాలో, పొయ్యికి దూరంగా దాచుకొనవలెను. తడి చెంచా తగలనీయరాదు. గడ్డకట్టినను, వాసన మారినను పారవేయవలెను.