కనుమ వెళ్లినా దిగని ఆట!

భోగికి ముందురోజు ఓ ఇంజినీరింగ్ కుర్రాడు హాస్టల్ నుంచి అల్లవరం వచ్చాడనుకోండి. బస్సులోనే డబ్బులు కట్టేసి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో-5’ కొన్నాడు (పద్దెనిమిది నిండినవాళ్ల ఆట ఇది, అన్నట్టు). ఇంటికొచ్చి కంప్యూటర్లో డౌన్‌లోడ్ నొక్కాడు. పండగ వెళ్లింది, కనుమ వెళ్లింది... ఆట ఇంకా దిగుతూనే ఉంది!

2015లో ఈ ఆట కంప్యూటర్లకు వచ్చినప్పుడు ఒక్కో డబ్బాలో 7 డీవీడీలు పెట్టి అమ్మారు. సుమారు 65 జీబీల సరుకు మరి! బీఎస్‌ఎన్‌ఎల్ 2005లో బ్రాడ్‌బ్యాండ్ మొదలెట్టిన నాటి 256 కేబీపీఎస్ వేగంతో అయితే అది దిగడానికి 23 రోజుల పైమాటే.

కోనసీమకు వేగం రాలేదా అంటే, వచ్చింది. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఏపీ ఫైబర్ కనెక్షన్లు ఇచ్చారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ అన్నారు. ఆ వేగం ఆగకుండా వస్తే మన కుర్రాడి ఆట పది గంటల్లోపే దిగాలి. కానీ తెరమీద సెకనుకు 2 ఎంబీ కూడా చూపించదు. మోసమేం లేదు. కనెక్షన్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో. ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. అసలు చిక్కంతా కోటాతోనే. అది అయిపోయి వేగం 1 ఎంబీపీఎస్‌కి పడిందా, అదే ఆటకు ఆరు రోజులు!

మధ్యలో కరెంటు పోతే? స్టీమ్ లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లో కొన్నదైతే ఆగినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. అంతకన్నా సులువు... అదే ఆట ఉన్న స్నేహితుడి కంప్యూటర్ నుంచి ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లో తెచ్చుకోవడం. స్టీమ్ ఆ ఫైళ్లను సరిచూసుకుని, తక్కువైనవే దించుకుంటుంది. కొన్నవాళ్లకే సుమా!

వేగం సంగతి సరే, నెట్టే లేకపోతే? 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అవతలి గట్టు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. బీజీఎంఐ లాంటి ఆటలు నెట్ లేకుండా కదలవు. ఒంటరిగా ఆడుకునే కథలున్న ఆటలు చాలావరకు నడుస్తాయి. అయితే హాస్టల్లో ఉండగానే ఒకసారి తెరిచి, ఆఫ్‌లైన్ మోడ్ పెట్టుకుని మరీ బస్సెక్కాలి.