స్టాండ్‌బై మర్యాద

క్రికెట్ గురించి ఆడవాళ్ళకేం తెలుసని మా జగిత్యాల మగమహారాజులు నవ్వితే నవ్వనీండి. 2019 ప్రపంచకప్పులో అంబటి రాయుడికి జరిగినదాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాలుగో స్థానానికి తయారుచేసిన మనిషిని చివర్లో వదిలేసి విజయ్ శంకర్‌ని తీసుకున్నారు. పోనీ, సెలెక్టర్ల ఇష్టం. కానీ పంత్‌నీ, రాయుణ్ణీ, సైనీనీ స్టాండ్‌బైలుగా ప్రకటించిందీ వాళ్ళేగా! ఓపెనర్ ధావన్‌కి దెబ్బ తగిలితే మిడిలార్డర్ పంత్‌ని పంపారు. మిడిలార్డర్ శంకర్‌కి తగిలితేనేమో, అప్పటికి ఒక్క వన్డే అయినా ఆడని ఓపెనర్ మయాంక్ అగర్వాల్‌ని! రాహుల్‌కీ దెబ్బ తగిలింది, ఓపెనరే కావలసివచ్చాడని తర్వాత చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ సంజాయిషీ. మరైతే స్టాండ్‌బైల్లో ముందే ఓ ఓపెనర్ని ఎందుకు పెట్టుకోలేదమ్మా?

సిరిసిల్లలో మగ్గం మీద కండె అయిపోతే పక్కన సిద్ధంగా పెట్టుకున్న కండె వేస్తారు, కొత్తదానికోసం ఊరిమీద పడరు. కోరుట్లలో బీడీ నాసిగా ఉందని తీసిపారేసినా, చుట్టినావిడ కళ్ళెదుటే పారేస్తారు. రాయుడికి ఆపాటి మర్యాద కూడా లేకపోయింది. 55 వన్డేల్లో 47 సగటున్నవాడు జులై 3న రిటైరవుతున్నానన్నాడు (ఆగస్టులో ఆ మాట వెనక్కి తీసుకున్నాడనుకోండి). వారం తిరిగిందో లేదో, సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద 5 పరుగులకే 3 వికెట్లు!