చీరె వెనుక భుజం



పోయిన నెల ఈ పుటలో ఊరగాయ జాడీల సంగతి వ్రాశాను. అది చదివి అరక్కోణం నుంచి ఒక సోదరి, "ఎప్పుడూ తిండి గొడవేనా? కట్టుబట్ట మాట ఎప్పుడు వ్రాస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుచేత ఈ నెల చీరె మాట చెప్పుకుందాం. చీరె అన్నానని మగవారు పుట తిప్పేయవద్దు. ఇది ఒక మగవాడి కథే.

నేను రోజూ తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్లూరులో దిగే గుమాస్తాను. దీపావళికి ముందు ఒకనాడు పోచంపల్లి పట్టుచీరె కట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. చెన్నపట్నంలో చేనేత సంత పెట్టినప్పుడు, రెండు నెలల చీటీ డబ్బు పోసి కొన్న చీరె అది. రైలులోనే ప్రశ్నలు మొదలైనవి. ఏ అంగడి? ఎంత? ఉతికితే రంగు పోతుందా? మధ్యాహ్నం టిఫిను డబ్బాలు తెరిచే వేళకు మా సెక్షను ఆడవాళ్లందరూ కొంగు పట్టుకుని చూసేశారు. ఒకామె ఫోనులో ఫొటో కూడా తీసుకున్నది. ఇంతమందిలో, దీన్ని ఎవరు చేశారని అడిగినవారు ఒక్కరూ లేరు. అబద్ధమెందుకు, కొన్ననాడు నేనూ అడగలేదు. ధర తగ్గించమని మాత్రం గట్టిగా అడిగాను.

ఫ్యాషను అంటే మనకు తెలిసిన పేర్లు కొన్ని ఉన్నవి. సినిమా తారల రవికెలు కుట్టేవారి పేర్లు, టీ నగరులోని పెద్ద బట్టల అంగళ్ల పేర్లు, బొంబాయిలో పెళ్లి బట్టలు రూపొందించేవారి పేర్లు మన పిల్లలకు నోటికి వచ్చును. చింతకింది మల్లేశం అనే పేరు ఎందరికి వచ్చును? మా వీధిలో పదిమందిని అడిగి చూశాను. ఇద్దరు మాత్రం, "ఆయన మీద సినిమా వచ్చింది కదా?" అన్నారు. తక్కినవారు, "ఏ ఊరి వ్యాపారి?" అన్నారు. ఆయన వ్యాపారి కాడు. నేతగాడు. నా కొంగు మీది పువ్వు వెనుక ఉన్నవాడు ఆయన.

ఎట్లాగంటే, ముందు పని సంగతి చెప్పాలి. పోచంపల్లి చీరెలో పువ్వుగాని, చిలుకగాని నేసిన తరువాత అచ్చు వేసినది కాదు. నేయక ముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. అక్కడివారు దీన్ని చిటికి పని అంటారు. మగ్గం మీద ఆ పోగులు ఒకదాని పక్కన ఒకటి సరిగా పడితేనే పువ్వు పువ్వుగా కనబడుతుంది. అందుకు ముందుగా పేక నూలును లెక్క తప్పకుండా చీలల మీద పోయాలి. అర్ధచంద్రాకారంగా చీలలు గుచ్చిన చట్రం ఒకటి ఉంటుంది. నడిమి చీల దగ్గర నుంచి అంచు చీలకు, అంచు చీల నుంచి మళ్లీ నడిమికి, దారం పట్టిన చేయి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఇదే ఆసు పోయడం.

ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరెలకు పోస్తే 18,000 సార్లు. గుమాస్తాను గదా, లెక్క వేసి చూశాను. మన తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఒక చీరెకు ఆసు పోయడమంటే, మెట్టుకొక్కసారి చొప్పున, కొండను దాదాపు పాతికసార్లు ఎక్కినన్ని కదలికలు. కాళ్లతో కాదు, ఒక్క భుజంతో. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లది. మగ్గం మగవాడిది, కూలి మగ్గానికి. ఆసుకు వేరే కూలి లెక్క కట్టేవారెవరు?

మల్లేశంగారిది తెలంగాణలో, ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో బడి మానేసి మగ్గంలో కూర్చున్నారు. తల్లి లక్ష్మిగారు ఆసు పోసేవారు. రాత్రి అయ్యేసరికి భుజం నొప్పి. కొన్నాళ్లకు, ఇక ఈ పని నావల్ల కాదు అనే స్థితి వచ్చింది. ఇటువంటి మాట నేత ఇళ్లలో ప్రతి కొడుకూ విన్నదే. ఈ కొడుకు మాత్రం, మనిషి చేయి తిరిగే తీరును యంత్రం చేత తిరిగించలేమా అని ఆలోచించాడు. 1992లో మొదలుపెట్టాడు.

ఆయనకు ఇంజనీరింగు చదువు లేదు, డబ్బు లేదు. దారం తెగకూడదు, వదులు కాకూడదు. ఒక్కొక్క చీల మీద ఇన్ని పోగులని పడగానే పక్క చీలకు జరగాలి. ఒక భాగం కుదిరితే ఇంకొక భాగం కుదిరేది కాదు. సంపాదించినది ఇనుపముక్కలకు పోసి, అప్పులు చేశాడు. ఇరుగుపొరుగు నవ్వారు. చివరకు హైదరాబాదు చేరి కూలిపని చేసుకుంటూ, మిగిలిన వేళల్లో యంత్రం పని సాగించాడు. 1999లో యంత్రం పూర్తిగా తిరిగింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. అది కొన్ని వందల ఇళ్లకు చేరింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది.

ఇక మా ఇంటి మాట. నేను పుట్టినది పొదటూరుపేటలో. మన తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో చేరింది. బడిలో చదువు తమిళమైనా, మా ఇంట్లో మగ్గం మాటలన్నీ తెలుగే. పడుగు, పేక, కండె, రాట్నం. నాయన నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. మా ఇంట ఆసు లేదు, చిటికి పని లేదు. కాని రాట్నం తిప్పే చేయి కూడా చేయే గదా.

చిన్నప్పుడు అమ్మ నాకు జడ వేసేటప్పుడు తాను గడప మీద కూర్చుని, నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టేది. తలపైన జడ బిగువుగా వచ్చేది కాదు. బడిలో తక్కిన పిల్లల జడలు చూసి వచ్చి, "నీకు జడ వేయడమే రాదు" అని ఎన్నోసార్లు విసుక్కున్నాను. చివరకు అవ్వ చేత వేయించుకునేదాన్ని. అమ్మ చేయి భుజం దాటి పైకి లేవదని నాకు తెలియదు. చూడలేదు కనుక తెలియదు. ఆ రాట్నం చప్పుడు పక్కనే కూర్చుని నేను పాఠాలు చదివాను. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, ఉద్యోగం తెచ్చుకుని, ఆ చప్పుడు నుంచి బయటపడ్డాను. బయటపడ్డానని సంతోషించాను కూడా.

ఆమధ్య ఒక ఆదివారం ఆ సినిమాను అమ్మకు ఇంట్లో చూపించాము. అమ్మకు డెబ్బై ఏళ్లు. ఎప్పుడూ సినిమా మధ్యలో నిద్రపోయే మనిషి, ఆ రోజు కదలకుండా చూసింది. అయిపోయిన తరువాత నన్ను ఒక్కటే అడిగింది.

"నొప్పి అని ఆమె చెప్పిందా, ఆ అబ్బాయే కనిపెట్టాడా?"

"రోజూ చూశాడు గదమ్మా" అన్నాను.

అమ్మ కాసేపు ఊరుకుని, "నేను నీకెప్పుడూ చెప్పలేదులేమ్మా" అన్నది.

నన్ను తప్పించడానికి అన్న మాట అది. తప్పు తన మీద వేసుకుని, నన్ను బయట పడేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు సెలవు పెట్టి అమ్మను ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఇన్నేళ్ల తరువాత పూర్తిగా నయం కాదన్నారు. రోజూ గోడకు ఆనుకుని చేయి కొంచెం కొంచెం పైకి జరిపే వ్యాయామం చెప్పారు. ఇప్పుడు చెవిదాకా వస్తున్నది. నా కూతురు పక్కన నిలబడి లెక్కపెడుతుంది.

ఈ కథ మావారికి చెబితే ఆయన ఒక మాట అన్నారు. "యంత్రాన్ని పొగుడుతున్నావు గాని, మీ నాయన మగ్గాన్ని తీసేయించినది యంత్రమే గదా?" నిజమే. మన పొదటూరుపేటలోను, అమ్మయార్‌కుప్పంలోను కరెంటు మగ్గాలు వచ్చిన తరువాత చేతిమగ్గాలు ఎన్ని పోయినవో మీకు తెలుసు. ఈ భయం ఇప్పటిది కూడా కాదు. ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన 1733లో చేతితో విసరకుండానే పరుగెత్తే నాడెను కనిపెట్టాడు. అక్కడి నేతగాళ్లకు తమ కూడు పోతుందని భయం పట్టుకున్నది. చివరకు ఆయన ఫ్రాన్సు దేశానికి వెళ్లిపోయాడు.

నేను మావారికి చెప్పిన జవాబు ఇది. యంత్రం వచ్చిందా లేదా అని కాదు, అది మనిషి దగ్గర నుంచి ఏమి తీసుకుపోయింది అని అడగాలి. కరెంటు మగ్గం నాయన చేతిలోని విద్యను తీసుకుని, దాన్ని ఎవరైనా చేయగల పనిగా మార్చింది. ఆసు యంత్రం విద్య జోలికి పోలేదు. ముడి కట్టడం చేతితోనే, రంగు అద్దడం చేతితోనే, నేత చేతిమగ్గం మీదే. తీసుకుపోయినది భుజం నొప్పిని మాత్రమే. పైగా ఒక పూట పనిని ఆడమనిషికి తిరిగి ఇచ్చింది. యంత్రాలను పొగిడేటప్పుడు గాని, తిట్టేటప్పుడు గాని ఈ తేడా మరచిపోకూడదని నా అభిప్రాయం.

మల్లేశంగారిని నేను మెచ్చుకునేది పద్మశ్రీ వచ్చినందుకు కాదు. అందరూ చూసి ఊరుకున్న దాన్ని ఆయన చూసి ఊరుకోలేదు. ఏడేళ్లు నవ్వులపాలైనా వదలలేదు. నాకంటే తక్కువ తరగతులు చదివిన మనిషి, నాకు కనబడని దాన్ని చూశాడు.

పండుగలూ పెళ్లిళ్లూ వస్తున్నవి. చీరెలు కొంటాము. సోదరీమణులకు నా అనుభవం కొద్దీ రెండు మాటలు. పోచంపల్లి అని చెప్పి అచ్చు వేసిన బట్ట అంటగట్టేవారు ఉన్నారు. చీరెను తిరగేసి చూడండి. చిటికి పనిలో రంగు నూలులోనే ఉంటుంది కనుక పువ్వు రెండు వైపులా ఒకే తీరుగా కనబడుతుంది. పువ్వు అంచులు గీత గీసినట్లు ఉండక, కొంచెం అలుక్కున్నట్లు ఉంటవి. అది లోపం కాదు, చేతి గుర్తు. అచ్చు బట్టకు సామాన్యంగా వెనుక వైపు వెలవెలబోతుంది. 2006 నుంచి ప్రభుత్వం ఇస్తున్న చేనేత ముద్ర ఉన్నదేమో కూడా చూడండి.

రెండవది, బేరం మాట. బేరం ఆడవద్దని చెప్పను. నెల జీతంతో సంసారం ఈదేవాళ్లం మనం. కాని నూరో రెండు నూర్లో తగ్గించమని అడిగే ముందు, ఆ చీరె వెనుక తిరిగిన భుజాన్ని ఒక్కసారి తలచుకోండి. ఇంట్లో కండెలు చుట్టిన అవ్వగాని, అత్తగాని, అమ్మగాని ఉంటే, చేయి ఎంతవరకు లేస్తుందో ఈ పూటే అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మొన్న మళ్లీ ఆ పోచంపల్లి చీరె కట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. కొత్తగా వచ్చిన టైపిస్టు పిల్ల, "అక్కా, ఏ అంగడిలో తీసుకున్నారు?" అని అడిగింది. "అంగడి సంగతి తరువాత చెబుతాను, ముందు కూర్చో" అన్నాను.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.