.315 తూటా మరల ప్రబలునా?

ప్రపంచమున నంతగా నెఱుఁగఁబడని .315 అంగుళముల వేట తూటా మరల ప్రబలునా యని కొంద ఱడుగుచున్నారు. ప్రబలదని మా యభిప్రాయము. అది గుణాతిశయముచే వ్యాపించినది కాదు. సైనికుల .303 తూటాను పరప్రభుత్వము ప్రజలకు నిషేధింపఁగా, ఆస్ట్రియా దేశపు మాన్లిచరు తూటానుండి పుట్టిన యిది యా స్థానము నాక్రమించెను. స్వతంత్రభారతమునందును ఆ నిషేధము నిలువఁగా, ఇషాపూరు రైఫిలు దాని నీడనే పెరిగెను. పిదప 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 సవరణయును వేటకు ద్వారము మూసెను. చట్టము పుట్టించినదానిని చట్టమే క్షీణింపఁజేసెను. నేఁడు ప్రకాశము సీమలో ప్రత్తి, మిరప చేల సరసనున్న మొక్కజొన్నపై అడవిపందులు పడినను, అధికారి యనుమతి లేనిదే రైతు తుపాకి పేల్చరాదు. కావున మన రైతులు కోరవలసినది క్రొత్త తూటా కాదు. సకాలమున అనుమతియు, నష్టపరిహారమును. వీనియం దాలస్యము చేయుట పంటను పందులకు విడుచుటయే.