చీటీ మీద రాయని మాటలు

డిప్రెషన్‌కి మందు రాయించుకుని ఇంటికొచ్చిన మనిషికి మొదటి వారం ఎలా గడుస్తుందో చూడండి. మాత్ర వేసుకున్న కాసేపటికి కడుపులో వికారం. తలనొప్పి. రాత్రి నిద్ర పట్టదు, పట్టినా నడిరేయి మెలకువ వచ్చేస్తుంది. లోపల ఏదో కంగారు, చేతుల్లో సన్నటి వణుకు. దిగులు మాత్రం ఇసుమంత కూడా తగ్గదు. అయిదో రోజుకి ‘ఈ మందు నాకు పడలేదు’ అని మాత్రలు బీరువాలో పడేస్తారు. ‘ఎందుకొచ్చిన మందులు, మానెయ్యి’ అని ఇంట్లోవాళ్లూ వంత పాడతారు. చికిత్స అక్కడితో ఆగిపోతుంది.

ఇందులో ఆ మనిషి తప్పేమీ లేదు. ఈ మందులతో ఇబ్బంది ముందు వస్తుంది, గుణం తర్వాత కనిపిస్తుంది. ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం.

మన దగ్గర ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు. మెదడులో ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపాలంటే, రెంటి నడుమ ఉన్న సందులోకి సెరటోనిన్ వంటి రసాయనాన్ని వదులుతుంది. కబురు అందాక వదిలిన కణమే దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. ఈ మందులు ఆ లాగేసుకునే దారిని మూస్తాయి. దాంతో సెరటోనిన్ ఆ సందులో మరికాస్త ఎక్కువసేపు ఉంటుంది. వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్ అయితే నార్‌ఎపినెఫ్రిన్ అనే మరో రసాయనం మీద కూడా పనిచేస్తాయి. పాతతరం అమిట్రిప్టిలిన్ ఇంకా చాలాచోట్ల చేయి పెడుతుంది. అందుకే దాంతో నోరెండిపోవడం, మలబద్ధకం, మత్తు ఎక్కువ.

మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఆ దారి మూసుకుంటుంది. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మారిన పరిస్థితికి నాడీకణాలు మెల్లగా సర్దుకోవాలి కాబట్టి ఈ ఆలస్యమని పరిశోధకులు భావిస్తున్నారు. కడుపుకి ఆ ఆలస్యం లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో అత్యధిక భాగం పేగుల్లోనే ఉంటుంది కాబట్టి వికారం, విరేచనాలు ముందే మొదలవుతాయి. తిన్నాక వేసుకుంటే కొంత నయం. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది.

‘సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్’ అని ఏళ్ల తరబడి చెప్పుకొచ్చారు. ఆ మాటకి గట్టి ఆధారం కనిపించలేదని 2022లో లండన్ పరిశోధకులు వెల్లడించిన సమీక్ష పెద్ద దుమారమే రేపింది. అంతమాత్రాన మందులు దండగ అనుకోకూడదు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 522 ప్రయోగాలను కలిపి చూసింది. అందులోని 21 మందులూ ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గానే పనిచేశాయి. సగటున ఆ మేలు ఓ మోస్తరుదే. కొందరికి బాగా గుణమిస్తుంది, కొందరికి మందు మార్చాల్సి వస్తుంది. జబ్బు ముదిరినవారికి ఆ మేలు ప్రాణం నిలబెట్టేంతది కావచ్చు.

కొన్ని ఇబ్బందులు వారాలు గడిచినా పోవు. కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం మందు వాడినన్నాళ్లూ ఉండొచ్చు. భార్యాభర్తలు ఈ సంగతి ఒకరితో ఒకరు అనుకోలేరు, ఇక డాక్టరుతో ఏం చెబుతారు? గుట్టుగా మందు మానేస్తారు. మోతాదు తగ్గించడం, మందు మార్చడం లాంటి దారులు ఉన్నాయి. కాబట్టి అడగాల్సింది డాక్టరే.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. బీపీకి నీరు తీసే మాత్ర వాడుతున్న డెబ్భై ఏళ్ల మనిషికి ఈ మందు తోడైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. తడబడుతూ నడవడం, మాట పొంతన లేకపోవడం చూసి ‘వయసు మీద పడింది’ అనుకుంటారు. సోడియం పరీక్ష చేయిస్తే సంగతి తేలిపోతుంది. కీళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మింగేవారికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మరో నొప్పి మందు ట్రమడాల్ కలిసినా ప్రమాదమే. వేరే జబ్బుకి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పి తీరాలి.

పాతికేళ్లలోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2004లో పిల్లల విషయంలో, 2007లో 24 ఏళ్ల దాకా హెచ్చరిక జారీ చేసింది. అది మందు మొదలుపెట్టొద్దని కాదు, మొదలుపెట్టాక ఆ బిడ్డని కనిపెట్టుకుని ఉండమని. నిద్ర లేకున్నా హుషారు, ఆగని మాటలు, చేతికందిన డబ్బల్లా ఖర్చు చేయడం కనిపిస్తే బైపోలార్ అనే మరో మానసిక జబ్బు ఉందేమో చూడాలి. వెంటనే డాక్టరుకి చెప్పాలి.

‘అలవాటు పడిపోతారు’ అన్న భయానికి ఒక మూలం చీటీలోనే ఉంది. ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, క్లోనజెపామ్ 0.5 ఎంజీ కలిపిన మాత్ర మన దగ్గర బాగా వాడుకలో ఉంది. అలవాటయ్యేది అందులోని క్లోనజెపామ్. దాన్ని కొద్ది వారాలకి మించి కొనసాగించకూడదు. డిప్రెషన్ మందుకి మత్తుపదార్థాల్లా వెంపర్లాట ఉండదు గానీ, ఉన్నపళంగా ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు వస్తాయి. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇవి ఎక్కువ. బాగున్నామనిపించాక కూడా కనీసం ఆర్నెల్లు వాడి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి చికిత్సే అందడం లేదు. సిగ్గునీ భయాన్నీ దాటుకుని గడప తొక్కిన ఆ కొద్దిమందిని మొదటి వారంలోనే పోగొట్టుకోకూడదు. డాక్టర్లూ, మందు రాసే చేత్తోనే రాబోయే ఇబ్బందులు చెప్పండి, పదిహేను రోజుల్లో మళ్లీ రమ్మనండి. మందు వాడుతున్న వారికి నా మనవి ఒక్కటే: సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా మానకండి. దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.