తెంపి పారేసిన తంగూసు ఎవరి పాపం?

చెరువులు నిండిన రోజుల్లో మన వేల్పూర్, ఆర్మూర్, భీమ్‌గల్ ప్రాంతాల గట్ల మీద రీలు గాలాలు పట్టిన యువకులు కనిపించడం పరిపాటి అయింది. వెదురు కర్ర, బెండు, ఎర్ర ఉన్న వెనుకటి గాలం కాదిది. రబ్బరు కప్పనో, రేకు చేపనో దూరంగా విసిరి, దారం చుట్టుకుంటూ కొర్రమట్టను ఊరించే పద్ధతి. సరదా మంచిదే. పని లేనప్పుడు పత్తాలాటలో కూర్చోవడం కంటే వెయ్యి రెట్లు నయం. అయితే దీని వెంట మన గట్లకు ఒక పీడ కూడా పట్టుకున్నది. విసిరిన గాలం చిక్కుపడటం, విప్పే ఓపిక లేక తంగూసును తెంపి అక్కడే పారేయడం.

ఆ ఉండలు ఏమి చేస్తాయో పశువులు కాసేవారిని అడగాలి. నీళ్లకు దిగిన బర్రె కాలికి తంగూసు చుట్టుకుంటే, అది నడిచిన కొద్దీ బిగుసుకుని తోలును కోస్తుంది. కొంగలకు, నీటికాకులకు చుట్టుకుంటే ఎగరలేక, మేత లేక చస్తాయి. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను లోకానికి ప్రకటించింది. అంతకు ముందు గాలాలకు నూలు దారం, పట్టు దారం ఉండేవి. తెగి నీళ్లలో పడినా కొన్నాళ్లకు చివికిపోయేవి. నైలాన్ అంత తొందరగా చివకదు. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. చేపల తంగూసుకు ఆ నిషేధం లేదు. కాని కాలికి చుట్టుకున్నది మాంజానా, గాలం దారమా అన్న తేడా కొంగకు తెలియదు కదా!

చిక్కులు ఎక్కువైతే మనవాళ్లు గాలాన్ని తిట్టి మరో గాలం కొంటున్నారు. ఇది డబ్బు దండుగ. చాలా సందర్భాల్లో లోపం గాలంలో లేదు, విసరడంలో ఉంది. ఎర్రజొన్న చేలో మంచె ఎక్కి కాపలా కాసిన పెద్దలకు వడిసెల సంగతి తెలుసు. ఒక్కసారిగా గుంజి వదిలితే రాయి ఎటో పోతుంది. నిమ్మళంగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోయి వదిలితేనే అనుకున్న చోటికి పోతుంది. గాలపు కర్ర కూడా అంతే. కుదుపుతో విసిరితే గాలం గాలిలో పల్టీలు కొడుతుంది. ఆ పల్టీల్లోనే వెనుక ముల్లు దారాన్ని పట్టుకుంటుంది. గాలం బరువు వైపు ముందుండి, దారం దాని వెనుక తిన్నగా సాగిపోవాలి. విసరబోయే ముందు కర్ర కొసకు, గాలానికి మధ్య మూరెడు దారం వేలాడనిస్తే ఇది సులభమవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గాలం నీళ్లకు తగలబోయే క్షణంలో రీలు అంచున దారాన్ని వేలితో మెల్లగా అదమాలి. అప్పుడు దారం బిగుస్తుంది, గాలం తల మన వైపు తిరుగుతుంది, ముల్లు దారానికి దూరంగా పడుతుంది. ఈ ఒక్క అలవాటు లేకనే ఎక్కువ చిక్కులు వస్తున్నాయని నా అభిప్రాయం. చెరువు దాకా పోనక్కరలేదు. ఖాళీ మడిలో ముల్లు తీసేసిన గాలంతో నాలుగు సాయంత్రాలు సాధన చేస్తే వేలికి అదే వస్తుంది.

వాలుగ పళ్లకు దారం తెగుతుందని కొందరు పొడుగాటి మెత్తటి తీగ కడతారు. అది గాలిలో వంగి, ముల్లు వెనక్కి వచ్చి తగులుకుంటుంది. తీగ కురచగా ఉండాలి. మూడు కొనల ముళ్లు రెండు ఉన్న గాలంలో అవి ఒకదానికొకటి అందేంత పెద్దవైతే చిన్నవి వేయాలి, లేదా ఒంటి ముల్లు వేసుకోవాలి. రెక్క తిరిగే రేకు గాలం దారాన్ని చేంతాడులా మెలిపెడుతుంది. దానికి తిరిగే కడియం, అంటే స్వివెల్, తప్పనిసరి. మెలి పడనే పడితే గాలం విప్పేసి, గట్టున నిలబడి వట్టి దారాన్ని వాగు పారకంలో వదిలితే మెలి తనంత తానే విడిపోతుంది. రీలు మీద దారం అంచు దాకా నింపరాదు, వడ్లగింజ మందం ఖాళీ ఉంచాలి. విసిరాక రీలు తీగను చేత్తో మూసి, మొదటి చుట్టు బిగువుగా చుట్టాలి. ఎదురుగాలిలో తేలిక కప్ప పోదు. ఆ పూటకు గాలి వీపు వైపు ఉండే గట్టు చూసుకోవాలి, లేదా కప్పలవాగులో అసలు కప్పలనే చూసి ఇంటికి పోవాలి!

నవ్వులాటకు కాని మాట ఒకటుంది. మన గట్ల వెంట మోటార్లకు కరెంటు తీగలు పోతున్నాయి. కొత్తగా వస్తున్న కార్బన్ కర్రల్లో కరెంటు పారుతుంది. తీగల కింద విసరడం ప్రాణాలతో చెలగాటం. గాలం తీగకు చిక్కితే కర్రను, దారాన్ని గుంజే ప్రయత్నం చేయకుండా దూరంగా జరిగి కరెంటు వారికి చెప్పాలి. నీళ్లలో మొద్దుకు చిక్కినప్పుడు కూడా కర్రతో ఎగరగుంజితే ఊడిన గాలం నేరుగా మొహానికి వస్తుంది. చేతికి తువ్వాల చుట్టుకుని, మొహం పక్కకు తిప్పి, దారాన్ని తిన్నగా లాగాలి.

చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు మత్స్య సహకార సంఘాలది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది ఆ సంఘాల బతుకుతెరువు కోసమే. నీళ్ల అడుగున వదిలేసిన ముళ్లకు చినుగుతున్నది గంగపుత్రుల, ముదిరాజ్‌ల వలలు. వల బాగు చేసుకునే కూలీ వారికి ఎవరిస్తారు? కనుక గాలం వేయదలచినవారు మొదట సంఘాన్ని అడగాలి. సంఘం వారు సరేనంటూనే ఒక షరతు పెట్టాలి: తెచ్చిన తంగూసు అంగుళం కూడా గట్టున మిగలరాదు. జేబులో చిన్న కత్తెర, మూత ఉన్న సీసా ఉంటే చాలు, చిక్కిన దారాన్ని ముక్కలు చేసి అందులో వేసుకోవచ్చు. వినని వారికి మరుసటి రోజు అనుమతి ఇవ్వనవసరం లేదు. గ్రామ పంచాయతీలు కూడా గట్టుకు ఒక మూత డబ్బా పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు.

సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు, పిల్లలు ఉత్త కాళ్లతో ఈ గట్లే దిగి నీళ్ల దాకా పోతారు. ఆ పండుగకు ముందే గాలాలు వేసే యువకులు సంఘం వారితో కలిసి ఒక పూట గట్టంతా నడిచి, ముళ్లను, తంగూసును ఏరివేయాలి.